కుడితి తాగిన తోట

ఉద్యాన శాఖలో పనిచేశానని చెబితే చాలు, రోజా మొక్కకు ఏం వేయాలమ్మా అని అడుగుతారు. రిటైరై ఇంట్లో కూచున్నా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మొన్న ఒక పెళ్లిలో పక్క విస్తరి ఆవిడ అప్పడం కొరుకుతూ మిరప మొక్కకు ఆకుముడత గురించి అడిగింది. నేను చెప్పడం మొదలుపెట్టేలోపల పాయసం వచ్చింది, ఆవిడ అటు తిరిగిపోయింది. మన ఉద్యోగానికి ఉన్న విలువ అంతేనమ్మా. అందుకే ఈ శాఖలో కొత్తగా చేరిన మీలాంటి పిల్లలకు మొక్కల గురించి చెప్పను. అవి మీకు చదువులోనే చెప్పి ఉంటారు. మనుషుల గురించి మాత్రం చెప్పి ఉండరు. చెప్పినా అది పరీక్షలో రాదు కనుక మీరు విని ఉండరు.

నేను కడప బిడ్డను. ఎండ, బండ, దుమ్ము నాకు కొత్త కాదు. ఉద్యోగంలో చివరి మజిలీగా నన్ను కర్నూలుకు వేశారు. అప్పటికే నగరం నాలుగు దిక్కులా ఉబ్బుతోంది. నిన్న శనగ విత్తిన చేలో ఇవాళ ప్లాట్ల రాళ్లు. చేలు పోయాక కూర ఎక్కడినుంచి వస్తుంది? లారీల్లో వస్తుంది. మార్కెట్లో దిగేసరికి పాలకూర జ్వరం పడి లేచినట్టు ఉంటుంది. ఊరికి కావలసిన కూర కొంతైనా ఊళ్లోనే పండాలని పైవాళ్లు అన్నారు. మిద్దెలున్నవాళ్ల చేత మిద్దె తోటలు పెట్టించాం. కుండీలు పంచితే అందరూ ఫొటోలు దిగారు. కొందరు నిజంగానే వంకాయలు కూడా కాయించారు. మరి మిద్దె లేనివాళ్ల సంగతేమిటని ఒక మీటింగులో ఎవరో అడిగారు. ఆ అడిగిన మహానుభావుడు తర్వాత బదిలీ అయిపోయాడు, పని నా నెత్తిన పడింది.

నగరం శివారున ఒక కొత్త కాలనీ ఉంది. అక్కడ పార్కు కోసం వదిలిన జాగా కంపచెట్లతో నిండిపోయి పందులకు మాత్రమే పార్కుగా ఉండేది. కమిషనరు వయసులో చిన్నవాడు, మాటలు తక్కువ. అడగ్గానే ఆ జాగా ఇచ్చాడు గానీ ఒక మెలిక పెట్టాడు. ఉగాది తర్వాత మొదలుపెట్టుకోండి, తొలకరికి వచ్చి చూస్తాను, బాగుంటే తోటగానే ఉంచుదాం, లేకుంటే కాలనీ సంఘం అడుగుతున్నట్టు సిమెంటు నడకదారి వేయించేస్తాను అన్నాడు.

తోట ఎవరికిద్దామన్నది మా అసిస్టెంటు తేల్చాడు. ఆయన డోన్ మనిషి. జంక్షన్లో పుట్టి పెరిగినవాడు కాబట్టి ఎటు పోయే మాటైనా ఆయన దగ్గర కాసేపు ఆగి పోవలసిందే. నాకంటే ముందు సర్వీసులో చేరాడు, నా కోపాన్ని ఎండావానల్లాగా భరించేవాడు. ఆ కాలనీ పక్కనే అపార్టుమెంట్లు కడుతున్న చోట రేకుల షెడ్లలో కోసిగి వైపు నుంచి వచ్చిన ఆడవాళ్లున్నారని, ఇటుకలు మోస్తున్నా వాళ్ల చేతులు మట్టి మనుషులవేనని ఆయనే చెప్పాడు.

వాళ్లకు పెద్ద ఒక అవ్వ. సన్నగా, నల్లగా, ఎండిన కందికట్టెలాగా ఉంటుంది. కోసిగి వైపు వాన నమ్ముకున్న చేలు. పంట చేతికి రాని ఏడు ఊరికి ఊరే మూటలు కట్టుకొని లారీలెక్కి గుంటూరు వైపు మిరపకోతలకు పోతుంది. దాన్ని వాళ్లు సుగ్గికి పోవడం అంటారు. అవ్వ పెళ్లయిన ఏడాది నుంచీ సుగ్గికి పోతూనే ఉంది. కొడుకును ఒక మిరపచేను గట్టు మీదే కన్నది. ఇప్పుడు మనవరాలు కాలనీ బడిలో చదువుతోంది. దీపావళి తర్వాత మళ్లీ లారీ వస్తుంది. తోట నిలబడితే, కొడుకు పని వెంట ఎక్కడికి పోయినా, అవ్వా కోడలూ మనవరాలూ ఇక్కడే ఉంటారు. నిలబడకపోతే బడి మానిపించి పిల్లను కూడా లారీ ఎక్కించాలి. తోట ఇస్తానని నేను చెప్పిన రోజున అవ్వ నా ముఖం చూసి ఒకటే అడిగింది.

“ఇది నిజంగానే ఉంటాదామ్మా? ఉంటాదంటేనే చెప్పు. పిల్లకు ఒగ మాట చెప్పినాక మార్చేకి కాదు.”

ఉంటుందని చెప్పాను. కమిషనరు పెట్టిన మెలిక కూడా చెప్పాను. అవ్వ తలాడించి, అదే రోజు కొడవలి తెప్పించి కంప కొట్టడం మొదలుపెట్టింది.

మేం కుళాయి వేయించాం. కాలనీకి తాగునీళ్లు వచ్చే లైను నుంచే ఒక గొట్టం లాగి, జాగా మధ్యలో నిలబెట్టాం. ఆ కుళాయికి వాళ్లు పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, టెంకాయ కొట్టారు, మా అసిస్టెంటుకు ముక్క కూడా పెట్టారు. నాకు మహా సంతోషమైంది. వారం తర్వాత పోయి చూస్తే మడులు గీత గీసినట్టున్నాయి, విత్తనం పడింది, నేల మాత్రం పెంకులాగా ఎండి ఉంది. కుళాయి దగ్గర తడి లేదు. అడిగితే అవ్వ నింపాదిగా చెప్పింది.

“అవి తాగే నీళ్లు గదమ్మా. మట్టికి యాడన్న పోస్తారా? మా ఊర్లో ఒగ కడవ కోసరం తలకాయలు పగలగొట్టుకున్నోళ్లు ఉండారు. నా చేత్తో నేను తిప్పలేను.”

నాకు ఒళ్లు మండింది. తోటకనే కుళాయి వేయించామని, ఇందులో తప్పేమీ లేదని, నీళ్లు లేకుండా మొలకెత్తే విత్తనం నేను చదివిన పుస్తకాల్లో లేదని గొంతు చించుకున్నాను. గోడకు చెప్పినట్టే అయింది. మిగతా ఆడవాళ్లు తల వంచుకొని కొంగులు సర్దుకున్నారు గానీ ఒక్కరూ కుళాయి వైపు అడుగు వేయలేదు. కుళాయికి పూజ చేసింది తిప్పడానికి కాదని, అది అక్కడ ఉన్నందుకేనని నాకు అప్పుడు తెలిసింది. తిరుగుదారిలో జీపులో మా అసిస్టెంటు, ఏదో ఒకటి చేస్తుంది లేండి మేడం, ఊరకుండే మనిషి కాదు అన్నాడు. ఆయన్నీ నాలుగు తిట్టాను.

ఆయన అన్నట్టే ఆమె ఊరకుండలేదు. వాళ్ల ఊళ్లో ఒక పద్ధతుంది, మన ఊళ్లలోనూ ఒకప్పుడు ఉండేది. ఎవరింట్లో పాడి ఎనుము ఉంటే వీధివాళ్లంతా బియ్యం కడిగిన నీళ్లు, గంజి తెచ్చి ఆ ఇంటి కుడితి తొట్టిలో పోస్తారు. ఆ ఇంటివాళ్లు అందరికీ ఇంత మజ్జిగ పోస్తారు. అవ్వ కాలనీలో గేటు గేటుకూ పోయి, మా తోటకు కుడితి పెట్టండమ్మా అని అడిగింది. తోటకు కుడితేమిటని ముందు నవ్వారట. కానీ ఆ మాట వినగానే ఆ ఇళ్లలో పెద్దవాళ్లకు తమ అమ్మగారి ఇళ్లు గుర్తుకొచ్చాయి కాబోలు, ఒక్కొక్క గేటు పక్కన ఒక్కొక్క బకెట్టు వెలిసింది.

ఇక్కడిదాకా కథ ముచ్చటగానే ఉంది. తర్వాత నేను పోయేసరికి వీధి మొదట్లోనే పుల్లటి వాసన ముక్కు పట్టుకుంది. జాగాలో కుండలు వరసగా పెట్టి, అందులో కుడితిని ఎనుముకు పులియబెట్టినట్టే పులియబెడుతున్నారు. తవుడు కలిపారు, ఉప్పు కూడా వేశారు. ఉప్పు వేస్తే ఎనుము ఇష్టంగా తాగుతుంది, పాలు చేపుతుంది. తోట కూడా అలాగే చేపుతుందని అవ్వ లెక్క. ఈగలు గుయ్యిమంటున్నాయి. మొలిచిన నాలుగు మొలకలు మాడిపోయి, మడి మీద తెల్లగా పొర కట్టింది. కాలనీ సంఘం పెద్ద అప్పటికే వాసన గురించి కమిషనరుకు ఫోను చేశాడు.

నేను అరుస్తాననే అందరూ ఎదురుచూశారు. కానీ అవ్వ ముఖం చూస్తే నోరు రాలేదు. మాడిన మొలకల ముందు గొంతుక్కూర్చొని, బిడ్డకు జ్వరం చూసినట్టు మట్టి మీద చెయ్యి పెట్టి చూస్తోంది. నేనూ పక్కన కూచున్నాను. ఎనుముకు పొట్ట ఉంటుంది కాబట్టి ఉప్పు, పులుపు, తవుడు అన్నీ అరిగించుకుంటుందని, మట్టికి ఆ శక్తి లేదని నాకు చేతనైన మాటల్లో చెప్పాను. అవ్వ చాలాసేపు ఆలోచించింది. అయితే ఇది ఎనుము కాదమ్మా, పసిబిడ్డ అని తేల్చింది. పసిబిడ్డకు ఉప్పు పెట్టరు కదా, పులిసింది పోయరు కదా, ఏ పూటది ఆ పూటే పోస్తారు కదా అంది. నేను శిక్షణ తరగతుల్లో గంటసేపు చెప్పినా ఇంత సులువుగా ఎవరికీ అర్థం కాలేదు.

ఆ రోజునుంచి బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లు ఏ పూటవి ఆ పూటే మడులకు. సబ్బు నీళ్లు వేరే బకెట్టులో తీసి, అంచున వేసిన ఆముదాలకూ అరటి పిలకలకూ. పాడైన మడుల మట్టి ఎత్తి పోసి కొత్త మట్టి వేశాం. గోనెపట్టాలు కట్టి నీడ చేశాం. పుంటికూర లేచింది, వాళ్లు సిర్రాకు అనే తోటకూర లేచింది, మెంతికూర లేచింది. తొలి కోతలో అవ్వ గేటు గేటుకూ పిడికెడు ఆకు ఇచ్చి వచ్చింది. మజ్జిగ బదులు అన్నమాట. ఎండాకాలం కర్నూల్లో కళ్లకు పచ్చగా ఏదైనా కనబడితే మనిషి కాసేపు నిలబడిపోతాడు. ఆ వీధిన పోయే ఆటోవాళ్లు కూడా నిలబడి చూసేవారు.

ఇంతలో రోహిణి కార్తె వచ్చింది. కుళాయిలు రోజు విడిచి రోజు వచ్చేవి కాస్తా ఇంకా తగ్గాయి. కాలనీలో ట్యాంకరు దగ్గర బిందెల వరస, ఆ వరసలో తగవులు. సంఘం పెద్ద పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, కోయిలకుంట్ల వైపు నుంచి వచ్చి స్థిరపడ్డాడు. ఆయన్ని దుర్మార్గుడనుకోకండి. మోకాళ్ల నొప్పులతో రోడ్డు మీద లారీల మధ్య నడవలేక నడకదారి అడిగాడు. ట్యాంకరు వరసలో తానూ ఎండలో నిలబడ్డాడు. అయితే ఆయన కాలువ కింద పెరిగిన మనిషి. కాలువ తెగ్గొట్టి నీళ్లు పారించకుండా ఆకుకూర పచ్చగా ఉంటుందంటే ఆయన బుర్రకెక్కదు. మా గొంతులెండుతుంటే తోట మా నీళ్లు తాగుతోంది అని అర్జీ ఇచ్చాడు. ఆ కుళాయి తిప్పనేలేదని నేను చెబితే, మీరు ఉద్యోగం కోసం అంటారమ్మా, నాకు సేద్యం తెలీదా అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. కమిషనరు తొలకరి దాకా ఆగకుండా, వచ్చే సోమవారమే వస్తాననీ, ఆ రోజే తేల్చేస్తాననీ కబురు పెట్టాడు.

ఆ సోమవారం ఉదయం నేను పెందలాడే పోయాను. మడుల మధ్య కొత్త పచ్చ పైపు ఒకటి చుట్టలు చుట్టలుగా పరుచుకొని ఉంది. ఒక కొస కుళాయికి బిగించి ఉంది. మా అసిస్టెంటు పక్కనే చేతులు కట్టుకొని నిలబడి, మెప్పు కోసం నా వైపు చూస్తున్నాడు. పెద్దసారు వస్తున్నాడు, తోట మరీ బీదగా కనబడకూడదు, ఏదో ఆధునికంగా ఉండాలని తన ఇంటినుంచి తెచ్చి పరిచాడట. నీళ్లు వదల్లేదు మేడం, చూడ్డానికే అన్నాడు. పైపు తీసేయమని నేను అనేలోపల కమిషనరు జీపు దిగాడు. వెనకనే సంఘం పెద్ద, ఆయన వెనక ట్యాంకరు కోసం బిందెలతో వచ్చిన జనం.

సంఘం పెద్ద పైపు వైపు వేలు చూపించాడు, అంతే.

కమిషనరు నా వైపు చూశాడు. చూడ్డానికే పెట్టారండి అంటే ఎంత హీనంగా ఉంటుందో మీరే ఊహించుకోండి. అయినా అదే అన్నాను. అతను నవ్వలేదు, కోప్పడలేదు. ఇళ్లలోకి ఎక్కకపోయినా ఇవాళ ఈ లైనుకు నీళ్లు వదిలే రోజే కదా, కుళాయి తిప్పండి చూద్దాం అన్నాడు. మా అసిస్టెంటు ముందుకు కదిలాడు. అప్పుడు అవ్వ వచ్చి కుళాయికి అడ్డంగా నిలబడింది.

“తిప్పొద్దు సార్. నీళ్లు కిందకు పోతాయి.”

జనంలో గుసగుస మొదలైంది. తిప్పొద్దంటే ఏదో దాస్తోందనే కదా ఎవరైనా అనుకుంటారు. సంఘం పెద్ద ముఖంలో, చూశారా అన్న కళ వచ్చేసింది. నేను అవ్వ భుజం పట్టుకొని పక్కకు లాగాను. ఆ పిడికెడు ఎముకల మనిషి కదిలితేనా. నువ్వు తప్పుకోకపోతే తోట పోతుందవ్వా, పిల్ల బడి పోతుంది అని చెవిలో చెప్పాక గానీ కదల్లేదు.

మా అసిస్టెంటు పైపు పీకేసి, కుళాయి పట్టి తిప్పాడు. అది తిరగలేదు. రెండు చేతులా పట్టుకున్నాడు, పంచె బిగించాడు, ముఖం ఎర్రబడింది, కుళాయి మాత్రం ఉలకలేదు. వేయించిన నాటినుంచీ తిప్పినవాళ్లు లేరు, పైన రాసిన పసుపు, కుంకుమ, ఎండ కలిసి దాన్ని పట్టేశాయి. జీపు డ్రైవరు పానా తెచ్చాడు. ఇద్దరూ కలిసి ఊపితే కీచుమని తిరిగింది. గాలి ఉస్సుమంది. ముందు చీమలు కొట్టుకొచ్చాయి, తర్వాత తుప్పు నీళ్లు ఎర్రగా దగ్గినట్టు పడ్డాయి, ఆ తర్వాత తెల్లటి ధార.

అవ్వ ఆ ధార కింద తన సద్ది గిన్నె పెట్టింది. ఎప్పుడు తెచ్చిందో ఎవరం చూడలేదు. గిన్నె నిండగానే కోడలు బకెట్టు తోసింది. అదీ నిండుతోంటే అవ్వ ట్యాంకరు జనం వైపు తిరిగి, ఏమప్పా సూస్తాండారు, కడవ ఈడ పెట్టండి అని కేకేసింది. ఒక బిందె వచ్చింది, ఇంకో బిందె వచ్చింది. మా అసిస్టెంటు కుళాయి కట్టెయ్యాలని చూస్తే అదీ బిగుసుకుపోయి కట్టబడదు. కాసేపు అక్కడ తోటా లేదు, అర్జీ లేదు, తనిఖీ లేదు. చుక్క కింద పడకుండా బిందెలు అందించుకోవడం తప్ప ఎవరికీ వేరే ధ్యాస లేదు. కమిషనరు కూడా చొక్కా చేతులు మడిచి ఒక ముసలామె బిందె పక్కకు జరిపాడు.

ఆ గోలలోనే సంఘం పెద్ద భార్య బకెట్టుతో వచ్చింది. వాళ్ల ఇల్లు జాగాకు ఎదురుగానే. వంట అయిన వేళకు ఆమె రోజూ బియ్యం కడిగిన నీళ్లు తెచ్చిపోస్తుందని నాకు తెలుసు, అవ్వకు తెలుసు, కాలనీలో సగం మందికి తెలుసు. తెలియనిది ఆయనకొక్కడికే. జనాన్ని చూసి ఆమె ఒక్క క్షణం ఆగింది. వెనక్కు పోవడానికి మొహమాటపడి, మొగుడి పక్కనుంచే వచ్చి ఆ నీళ్లు మెంతి మడిలో పోసింది.

“నిన్న తిన్న మెంతిపప్పు ఈడిదే,” అని ఆయనకు మాత్రమే వినబడేట్టు అనబోయింది గానీ, ఆవిడది చిన్న గొంతు కాదు.

సంఘం పెద్ద భార్య వైపు, మడి వైపు చూశాడు. తర్వాత వంగి మెంతి మడిలో వేలు గుచ్చి చూశాడు. సేద్యం తెలిసిన మనిషి కదా. వేలికి అంటిన మట్టిని చాలాసేపు నలిపి, నాకు తెలీలేదు సార్ అని కమిషనరుతో అన్నాడు. ఆ మాట అనడం ఆయన వయసు మనిషికి ఎంత కష్టమో నాకు తెలుసు, అందుకే ఆయనంటే ఇప్పటికీ నాకు గౌరవం. కమిషనరు తోట ఉంచేయమన్నాడు. అంచు చుట్టూ మట్టి గట్టు వెడల్పు చేసి, నడవాలనుకున్నవాళ్లు దాని మీద నడవండి అన్నాడు. మా అసిస్టెంటు పైపు చుట్ట చంకలో పెట్టుకొని, చివరికి మంచే జరిగింది కదా మేడం అన్నాడు. ఆ పూట ఆయనకు టీ నేనే ఇప్పించాను, అంతకంటే క్షమించడం నాకు చేతకాదు.

తర్వాత సంఘం పెద్ద పొద్దునా సాయంత్రం ఆ గట్టు మీదే నడిచేవాడు. నడుస్తూ ఊరకుండేవాడు కాదు, సాళ్లు వంకరగా ఉన్నాయని, కాలువ కింద అయితే ఇలా చేస్తామని అవ్వకు సేద్యం చెప్పేవాడు. ఆమె ఆయన్ని కాలవసారు అని పిలిచేది. చెప్పిందంతా విని, తనకు తోచిందే చేసేది. అదేమిటవ్వా అని అడిగితే, పాపం నడిచేకి తోడు ఉండొద్దామ్మా అంది.

దీపావళి పోయింది. ఒక పొద్దున విత్తనాలు ఇద్దామని నేనూ మా అసిస్టెంటూ పోయేసరికి ఆ వీధిలో లారీ ఆగి ఉంది. అవ్వ ఊరివాళ్లే, సుగ్గికి పోతున్నారు. షెడ్లలో ఉన్న తమవాళ్లను ఎక్కించుకోవడానికి ఆగారు. లారీలో మూటలు, కోళ్లు, చంకబిడ్డలు. అవ్వ కింద నిలబడి దారికి ఆకుకూర కట్టలు పైకి అందిస్తోంది. అందుకున్నవాళ్లంతా ఆమె చేతిని ఒకసారి పట్టుకొని వదులుతున్నారు. ఆమె వయసుదే ఇంకొక ముసలామె పైనుంచి, నువ్వు లేకుంటే నాకు పక్కన పడుకునేటోళ్లెవరే అంది. అవ్వ ఏదో తిట్టి నవ్వించింది. మనవరాలు బడి సంచి తగిలించుకొని అప్పటికే పోయింది.

లారీ కదిలింది. అవ్వ చెయ్యి ఊపుతూనే ఉంది, అది మలుపు తిరిగాక కూడా ఊపింది. తర్వాత ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నడుం మీద పెట్టుకుంది, తీసింది, కొంగు పట్టుకుంది. వీధిలో ఇక ఎవరూ లేరు. దుమ్ము దిగేదాకా అలాగే నిలబడి, నా వైపు చూడకుండానే అంది.

“లారీ పోయినాక ఈది ఇంత సప్పుడు లేకుండా ఉంటాదని నాకు తెల్దమ్మా. నేనెప్పుడన్న ఈడ ఉంటే గదా.”

నాకు ఏడుపొచ్చింది. ఆఫీసరమ్మ వీధిలో నిలబడి ఏడిస్తే బాగుండదని, విత్తనాల సంచి జీపులోంచి ఇంకా దించలేదేమని మా అసిస్టెంటు మీద కేకలేశాను. ఆయన సంచి అప్పటికే దించేసి ఉన్నాడు. అయినా దాన్ని మళ్లీ జీపులో పెట్టి, మళ్లీ దించాడు.